పాతిపెట్టిన సంకెళ్లు

ప్రయాణాలు మనకు కొత్త ప్రదేశాలను చూపిస్తాయని అంటారు. అది నిజమే. అయితే కొన్ని ప్రయాణాలు కొత్త ప్రదేశాన్ని చూపించే నెపంతో మనలను మన పాత ఇంటి గుమ్మం ముందుకే తెచ్చి నిలబెడతాయి. భూగోళానికి దాదాపు ఆవలి వైపున ఉన్న ఒక చిన్న రేవు పట్టణంలో నాకు అటువంటి అనుభవం కలిగింది. ఆ పట్టణం పేరు ఫాల్మత్. కరీబియన్ సముద్రంలోని జమైకా ద్వీపానికి ఉత్తర తీరాన అది ఉన్నది.

నేను ఒంగోలు ప్రాంతానికి చెందిన తెలుగు ఉపాధ్యాయుణ్ని. పదవీ విరమణ చేసిన తరువాత, 2018 చివరలో, నేనూ నా భార్యా అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ఇంజనీరుగా పనిచేస్తున్న మా అబ్బాయి దగ్గరకు వెళ్లాము. వాళ్లు వెళ్లే చర్చివారు మరికొన్ని సంఘాలతో కలిసి 2019 జనవరిలో ఒక సముద్ర విహారయాత్ర ఏర్పాటు చేశారు. ఉదయం ప్రార్థన, సాయంత్రం కీర్తనలు, నడుమ దీవుల సందర్శనం, ఇదీ కార్యక్రమం. “నాన్నా, అమ్మకు సముద్రం చూడాలని ఎప్పటినుంచో కోరిక కదా” అని మా అబ్బాయి అందరికీ టిక్కెట్లు కొన్నాడు. కొత్తపట్నం తీరంలో చిన్ననాటినుంచీ సముద్రం చూసిన మా ఆవిడ ఆ మాటకు నవ్వి ఊరుకున్నది.

ఫ్లోరిడా రాష్ట్రంలోని ఫోర్ట్ లాడర్‌డేల్ రేవులో ఒక శనివారం సాయంత్రం ఓడ ఎక్కాము. దానిని ఓడ అనడంకంటే నీటిమీద తేలే పట్టణం అనడం సమంజసం. పదహారు అంతస్తులు, ఆరువేలమంది ప్రయాణికులు. భోజనశాలలు, ఈతకొలనులు, నాటకశాల, చివరకు చెట్లున్న ఒక తోట కూడా అందులో ఉన్నాయి. ఆ ఆరువేలమందిలో మా క్రైస్తవ బృందం నాలుగు వందలకు మించదు. ఒక పక్క జూదశాలలో యంత్రాలు గలగలలాడుతుంటే, మరొక పక్క సభామందిరంలో మేము కళ్లు మూసుకొని ప్రార్థన చేసేవాళ్లం. రెండు గదుల మధ్య ఉన్నది ఒక్క గోడ మాత్రమే.

మరునాడు ఆదివారం. క్యూబా ద్వీపపు కొండలు దూరంగా నీలిగీతలా కనిపిస్తుండగా ఆరాధన జరిగింది. బృందనాయకుడైన పాస్టరుగారు నిర్గమకాండమునుంచి ప్రసంగించారు. ఐగుప్తులో ఇటుకలు చేసిన ఇశ్రాయేలీయుల కష్టాలు, వారి విడుదల, సముద్రం చీలిన ఘట్టం, అన్నీ వివరించి, “బానిసత్వంనుంచి విడిపించిన దేవుణ్ని స్తుతించండి” అని ముగించారు. ఆయన గొంతు గంభీరమైనది. సభ అంతా లేచి నిలబడి పాడింది. నేనూ పాడాను. ఏ బానిసత్వంనుంచి, ఎవరి విడుదల అని ఆ క్షణంలో నేను ఆలోచించలేదు.

ఆలోచించినవాడు మా మనుమడు. వాడికి అప్పుడు పదకొండేళ్లు. రాత్రి భోజనాల బల్ల దగ్గర, వచ్చీరాని తెలుగులో, “తాతయ్యా, మన వాళ్లు ఎప్పుడైనా స్లేవ్సుగా ఉన్నారా?” అని అడిగాడు.

నా చేతిలోని చెంచా ఆగిపోయింది. నేను నోరు తెరిచేలోపే మా అబ్బాయి అందుకొని, “లేదురా, మనవాళ్లు రైతులు. ఒంగోలు దగ్గర పొలాలు ఉండేవి” అన్నాడు. అని, నావైపు ఒక్కసారి చూశాడు. ఆ చూపులో బతిమాలడమూ ఉంది, హెచ్చరికా ఉంది. నేను మాట్లాడలేదు. పొలాలు ఉండేవన్న మాట అబద్ధం కాదు. అవి మావి కావు, అంతే.

ఇక్కడ నా కుటుంబం సంగతి కొంత చెప్పాలి. 1876 మొదలు 1878 వరకు దక్షిణ దేశాన్ని పీడించిన మహాక్షామాన్ని మావైపు ధాత కరువు అనేవారు. ఆ రోజులలో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో సుమారు మూడున్నర మైళ్ల పనిని ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ గుత్తకు తీసుకొని, ఆకలితో అలమటిస్తున్నవారికి కూలి ఇప్పించాడు. తిండికోసం మతంలో చేరారన్న మాట రాకూడదని, కరువు తీవ్రంగా ఉన్నంతకాలం ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కరువు తగ్గుముఖం పట్టిన తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ కాలువ తవ్వినవారిలో మా ముత్తాత ఒకడు. ఇంతవరకు మా ఇంట్లో అందరూ గర్వంగా చెప్పుకొనే కథే.

చెప్పుకోని కథ తరువాతిది. మా తాత తన పెళ్లికి ఊళ్లోని ఒక ఆసామి దగ్గర నలభై రూపాయలు అప్పు తెచ్చాడు. ఆ అప్పు తీరేవరకు పాలేరుగా ఉంటాననీ, తన చేత కాకపోతే తన కొడుకు ఆ చాకిరీ చేస్తాడనీ కాగితం మీద వేలిముద్ర వేశాడు. ఏడాదికి ఏడాది వడ్డీ పెరిగిందేగాని అప్పు తరగలేదు. ముప్పై ఏళ్లకు పైగా ఆయన తెల్లవారుజామున ఆసామి దొడ్లో పశువుల పేడ ఎత్తి, పొద్దు గుంకిన తరువాత ఇంటికి వచ్చేవాడు. మా నాన్న మిషను బడిలో చదువుకొని, పంతులై, తన జీతంనుంచి ఆ అప్పు తీర్చి, కాగితం విడిపించుకొని వచ్చాడు.

ఆ కాగితం నాన్నగారి ట్రంకుపెట్టె అడుగున ఉండేది. నాకు పదేళ్లప్పుడు అది నా చేతికి చిక్కింది. చదవగలనన్న ఉత్సాహంతో, ఇంటికి వచ్చిన చుట్టాలు వినేలా గడగడ చదివాను. నాన్న నన్ను కొట్టలేదు. కాగితం నా చేతిలోనుంచి మెల్లగా తీసుకొని, వంటింట్లోకి వెళ్లి పొయ్యిలో పెట్టి, “ఈ మాట ఈ ఇంట్లో మళ్లీ వినపడకూడదు” అన్నాడు. ఆయనను నేను తప్పుపట్టను. అద్దె ఇంటికోసం వెళ్లిన ప్రతిచోటా “మీరెవరు?” అన్న ప్రశ్నకు తలవంచవలసి వచ్చిన మనిషి ఆయన. ఆ మాట నేను నా కొడుకుకు ఒక్కసారి, వాడి పెళ్లికి ముందు, సంక్షిప్తంగా చెప్పాను. వాడు కూడా ఆ మాటను మూసిపెట్టాడు. అమెరికాలో సైతం మనవాళ్లు నలుగురు కలిసినచోట ఊరిపేరూ ఇంటిపేరూ అడిగి మనిషిని తూచే అలవాటు పోలేదని వాడు ఒకసారి నాతో అన్నాడు.

ఆ రాత్రి ఓడలో నాకు నిద్ర పట్టలేదు.

సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు ఓడ ఫాల్మత్ రేవు చేరింది. పచ్చని కొండలు, వాటి ముందు పల్లపు నేల, ఆ నేల అంచున ఎర్రని కప్పులున్న పట్టణం. మా గది శుభ్రం చేసే జమైకా యువకుడు అంతకుముందు రోజే నాతో, “మీరు ప్రార్థన చేసే మనుషులు కనుక చెబుతున్నాను. రేవు దుకాణాల దగ్గర ఆగిపోకండి. ఊళ్లోకి నడిచి విలియం నిబ్ చర్చి చూడండి” అన్నాడు. తన ఇల్లు అక్కడికి గంట ప్రయాణమేనట. అయినా విధులు ముగియనందువల్ల ఆ రోజు ఓడ దిగడానికి వీలులేదని నవ్వుతూనే చెప్పాడు.

మా బృందంలో చాలామంది జలపాతం చూడడానికి బస్సులెక్కారు. మా అబ్బాయి, కోడలు, నా భార్య సముద్రస్నానానికి బయలుదేరారు. నేను చర్చి చూస్తానన్నాను. “నేను తాతయ్యతో వెళతాను” అని మనుమడు పట్టుబట్టాడు. మా అబ్బాయి క్షణం తటపటాయించి, “నాలుగు గంటలకల్లా ఓడ దగ్గర ఉండండి నాన్నా” అన్నాడు.

ఇంత పెద్ద ఓడలు ఆగడానికి వీలుగా ఆ రేవును 2011లో ప్రారంభించారు. ఓడ దిగగానే పాతకాలపు ఆంగ్లేయ భవనాలను పోలిన కొత్త కట్టడాలు, వాటిలో గడియారాలు, ఆభరణాలు, టోపీలు అమ్మే దుకాణాలు. అక్కడే తిని, అక్కడే కొని, జమైకా చూశామనుకొని తిరిగి ఓడ ఎక్కేవారు ఎందరో. ఆ ఆవరణకు ఒక గేటు ఉన్నది. గేటు దాటితే అసలు ఊరు. పాత భవనాలను అనుకరించిన కొత్తవి లోపల మెరుస్తుంటే, నిజమైన పాత భవనాలు బయట పెచ్చులూడి నిలబడి ఉన్నాయి. ఊరి జనాభా తొమ్మిది వేలకు లోపే. మా ఓడలోని ప్రయాణికులనూ సిబ్బందినీ కలిపితే దాదాపు అంతమంది.

ఫాల్మత్‌ను 1769లో స్థాపించారు. అప్పటి జమైకా గవర్నరు విలియం ట్రెలానీ ఇంగ్లండులో పుట్టిన ఊరి పేరు దీనికి పెట్టారు. చుట్టుపక్కల ప్రాంతానికి ఆయన పేరే ట్రెలానీ అని నిలిచింది. పరుగుల వీరుడు ఉసేన్ బోల్ట్ ఈ ప్రాంతంవాడేనని మా మనుమడు నాకు తెలియజెప్పాడు. పద్దెనిమిదవ శతాబ్ది చివరినాటికి చుట్టూ చెరకు తోటలు విస్తరించాయి. చక్కెర, రమ్ము ఇక్కడినుంచి ఓడలలో వెళ్లేవి. ఆఫ్రికానుంచి పట్టి తెచ్చిన మనుషులు ఇక్కడ దిగేవారు. ఆ చక్కెర తీపి యూరపుకు, ఆ చెమట ఆఫ్రికా బిడ్డలకు దక్కాయి.

వాటర్ స్క్వేర్ అనే కూడలి దాటి, అంగడి వీధిలో నడుస్తుంటే కరివేపాకు లేని కూర వాసన వచ్చింది. ఒక బండిమీద మేకమాంసపు కూర అమ్ముతున్నారు. దాని పేరు వాళ్ల నోట కూడా ‘కర్రీ’యే. దాస్యం రద్దయిన తరువాత తోటలలో పనికి మనుషులు కావాలని భారతదేశంనుంచి ఒప్పంద కూలీలను తెచ్చారు. మొదటి ఓడ 1845 మే 10న జమైకా చేరింది. 1917 వరకు సుమారు 36 వేలమంది వచ్చారు. వారిలో ఎక్కువమంది ఉత్తర భారతంవారు, కొందరు మద్రాసు రేవులో ఓడ ఎక్కినవారు. ఆ కొందరిలో కాగితం మీద వేలిముద్ర వేసిన మా జిల్లావాళ్లు కూడా ఉండి ఉంటారేమోనని నా మనస్సుకు తోచింది.

పది నిమిషాలు నడిచేసరికి చర్చి కనిపించింది. ఆర్భాటంలేని కట్టడం. ఆవరణలో ఒక వృద్ధురాలు ఎండుటాకులు ఊడుస్తున్నది. నల్లని ముఖం, తెల్లని జుట్టు, తలకు గళ్ల గుడ్డ. “బ్రదర్, ఓడనుంచి వచ్చారా?” అని అడిగింది. అవునన్నాను. “ఇక్కడిదాకా నడిచి వచ్చేవాళ్లు తక్కువ. రండి, బాబూ నువ్వూ రా” అని చీపురు గోడకు ఆనించి, తాళం తీసి, మమ్మల్ని లోపలికి తీసుకువెళ్లింది. అక్కడ చల్లని నీడలో కూర్చోబెట్టి ఆమె చెప్పిన చరిత్రను, నేను తరువాత చదివి తెలుసుకొన్న వివరాలతో కలిపి ఇక్కడ రాస్తున్నాను.

విలియం నిబ్ 1803లో ఇంగ్లండులోని కెటరింగ్ అనే ఊళ్లో జన్మించాడు. జమైకాలో మిషను బడి నడుపుతున్న అన్న థామస్ 1824లో మరణించగా, ఆ స్థానంలో పనిచేయడానికి వచ్చాడు. బానిసల సంఘాలలో బోధిస్తూ వారి బాధలు కళ్లారా చూశాడు. అయితే ఆ సంఘాలు తెల్ల మిషనరీలతో మొదలైనవి కావు. జార్జి లైల్ అనే పూర్వపు బానిస 1783లోనే అమెరికానుంచి కింగ్‌స్టన్‌కు వచ్చి బాప్టిస్టు సంఘాన్ని స్థాపించాడు.

మాంటెగో బే పట్టణంలో సామ్యూల్ షార్ప్ అనే బానిస ఉండేవాడు. చదువు నేర్చినవాడు, సంఘంలో డీకన్. మనుషులు ఒకరికొకరు సమానులని బైబిలు చెబుతున్నప్పుడు ఒకడు మరొకడి సొత్తు ఎలా అవుతాడని అతడు ప్రశ్నించాడు. 1831 క్రిస్మస్ పండుగ తరువాత, కూలి ఇస్తేగాని చెరకు కోయబోమని బానిసలందరూ పనిమానాలన్నది అతని ఆలోచన. కాని డిసెంబరు 27 రాత్రి ఒక తోట తగలబడింది. ఆ మంటలతో తిరుగుబాటు చెలరేగింది. అరవైవేలమంది దాకా బానిసలు అందులో పాల్గొన్నారని చెబుతారు. ప్రభుత్వం దానిని క్రూరంగా అణచివేసి మూడువందలమందికి పైగా మరణశిక్ష విధించింది. 1832 మే 23న షార్ప్‌ను మాంటెగో బేలో ఉరితీశారు. బానిసగా బతకడంకంటే ఉరికొయ్యపై చావడమే మేలని అతడు అన్నాడట.

తిరుగుబాటుకు మిషనరీలే కారణమని నిబ్‌ను నిర్బంధించారు. ఫాల్మత్‌లోని అతని మందిరాన్ని పడగొట్టారు. నేరం రుజువు కాక విడుదలైన నిబ్ 1832లో ఇంగ్లండు వెళ్లి, ఊరూరా సభలలో బానిసల బాధలు చెప్పాడు. పార్లమెంటు సంఘాల ముందు సాక్ష్యమిచ్చాడు. 1833లో దాస్య నిర్మూలన చట్టం వచ్చింది. యజమానులకు నష్టపరిహారంగా రెండు కోట్ల పౌన్లు కేటాయించారు. తరతరాలు చాకిరీ చేసినవారికి ఒక్క పెన్నీ ఇవ్వలేదు. పైగా 1834 ఆగస్టు 1న చట్టం అమలులోకి వచ్చిన తరువాత కూడా ‘శిక్షణ’ పేరుతో వారిని మరి నాలుగేళ్లు ఆ యజమానుల దగ్గరే కట్టిపడేశారు. పూర్తి విముక్తి 1838 ఆగస్టు 1న లభించింది. జమైకాలో అలా విడుదలైనవారు మూడు లక్షలకు పైగా ఉన్నారు.

“ఆ ముందు రాత్రి మా వాళ్లంతా మందిరంలో చేరారు” అన్నది ఆమె, తానే చూసినట్లుగా. గడియారం పన్నెండు కొట్టేవరకు ఊపిరి బిగబట్టి కూర్చున్నారట. పన్నెండో గంట మోగగానే ఆ రాక్షసి చచ్చిందని నిబ్ ప్రకటించాడట. తెల్లవారిన తరువాత ఒక శవపేటికలో సంకెళ్లు, కొరడా, మెడకు తగిలించే ఇనుప కంటె పెట్టి, గొయ్యి తవ్వి, మనిషిని పాతినట్లే పాతిపెట్టారు. చనిపోయినది వలస దాస్యమనీ, దాని వయస్సు 276 ఏళ్లనీ ఆ పేటికమీద రాశారు. ఆంగ్ల నావికుడు జాన్ హాకిన్స్ ఆఫ్రికా మనుషులను తొలిసారి ఓడలో తరలించిన 1562నుంచి కట్టిన లెక్క అది.

ఆ వృద్ధురాలు లేచి, మమ్మల్ని ముందుకు తీసుకువెళ్లి, బాప్తిస్మపు తొట్టి వెనుక గోడకున్న పాలరాతి ఫలకాన్ని చూపించింది. దాస్య నిర్మూలనకు పాటుపడినవారి ముఖాలతోపాటు, సంకెళ్లను పాతిపెడుతున్న దృశ్యాన్ని కూడా అందులో చెక్కారు. విముక్తులైన ఆఫ్రికా సంతతివారే దానిని పెట్టించారు.

మా మనుమడు దానిని చాలాసేపు చూసి, “పాతిపెట్టేశారు కదా, మళ్లీ బొమ్మ ఎందుకు చెక్కారు?” అని అడిగాడు.

ఆమె నవ్వింది. “మంచి ప్రశ్న బాబూ. సంకెళ్లు పాతిపెట్టకపోతే అవి మళ్లీ ఎవరి కాళ్లకో పడతాయి. ఎక్కడ పాతామో మరిచిపోతే, పిల్లలు అసలు సంకెళ్లే లేవనుకుంటారు. మా ముత్తవ్వ తల్లి చెరకుతోటలో బానిస. ఆ మాట చెప్పడానికి నాకు సిగ్గు లేదు. సిగ్గు పడవలసినవాళ్లు వేరే ఉన్నారు.”

ఆ చివరి మాట వినగానే మా వంటింటి పొయ్యిలో ముడుచుకొని నల్లబడిన కాగితం నా కళ్లముందు మెదిలింది. మా నాన్న కూడా ఒక సంకెలను దహనం చేశాడు. అది చేయవలసిన పనే. కాని ఆయన దానితోపాటు తన తండ్రి ముప్పై ఏళ్ల బతుకును కూడా పొయ్యిలో పెట్టాడు. ఆ బూడిదను మేము మూడు తరాలుగా దాచుకొంటూ వస్తున్నాము.

నేను ఆమెకు మా ప్రాంతం గురించి చెప్పాను. నిబ్ పుట్టిన కెటరింగ్ పట్టణంలోనే 1792లో బాప్టిస్టు మిషనరీ సంఘం ఏర్పడిందనీ, ఆ సంఘం పంపగా వంగదేశానికి వచ్చిన విలియం కేరీ 1814లో తెలుగు భాషకు ఇంగ్లీషులో వ్యాకరణం ప్రచురించాడనీ చెబితే, “అయితే మనం చుట్టాలమే” అన్నది. చెప్పవలసిన మరొక సంగతి కూడా ఉన్నది. జమైకాను విడిపించిన 1833 చట్టం ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోని ప్రాంతాలకు వర్తించలేదు. పదేళ్ల తరువాత, 1843లో, మన దేశంలో దాస్యానికి చట్టబద్ధతను తొలగిస్తూ వేరొక చట్టం వచ్చింది. అప్పు పేరిట సాగే వెట్టిచాకిరీ మాత్రం ఆ తరువాత కూడా సాగింది. దానిని నిషేధించే చట్టం స్వతంత్ర భారతంలో 1976లో వచ్చేనాటికి మా తాత మరణించి చాలా ఏళ్లయింది.

మనుమణ్ని ఆవరణలో ఒక చెట్టు నీడన కూర్చోబెట్టుకొని, మొన్న రాత్రి వాడు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాను. నలభై రూపాయలు, వేలిముద్ర, పశువుల దొడ్డి, నాన్నగారి మొదటి జీతం, పొయ్యి, ఏదీ దాచలేదు. ఒక్క సంగతి స్పష్టం చేశాను. మా తాతను ఎవరూ ఓడలో కుక్కి తేలేదు, అంగడిలో అమ్మలేదు. వీళ్ల ముత్తవ్వలు పడిన బాధ, మనవాళ్లు పడిన బాధ ఒక్కటేనని అనడం న్యాయం కాదు. కాని తన కష్టం తనది కాకుండా, తన కొడుకు బతుకు కూడా తాకట్టు పడిన మనిషిని స్వతంత్రుడని అనడమూ న్యాయం కాదు.

వాడు కాసేపు ఆలోచించి, “ఆయన పేరు ఏమిటి తాతయ్యా?” అన్నాడు. అంతవరకు వాడికి ఆ పేరు తెలియదు. చెప్పాను. దానిని వాడు రెండుసార్లు పలికి సరిచూసుకొన్నాడు.

మేము బయలుదేరుతుంటే ఆ వృద్ధురాలు ఆవరణలోని నిబ్ స్మారకాన్ని చూపించింది. స్వేచ్ఛ లభించిన తరువాత నిబ్ విముక్తులు సొంతంగా ఇళ్లు కట్టుకొనేందుకు భూములు కొనిపెట్టి, 1845లో, నలభై రెండేళ్ల వయస్సులో, జ్వరంతో మరణించాడు. ఈ మందిరం 1944 తుపానులో కూలితే తమ పెద్దలు మళ్లీ కట్టుకొన్నారని ఆమె చెప్పింది. నేను చేతులు జోడించి నమస్కరించాను. ఆమె కూడా చేతులు జోడించింది.

ఆ సాయంత్రం ఓడ రేవు విడిచింది. పట్టణం దీపాలు చిన్నవవుతుండగా నేనూ మా అబ్బాయీ డెక్కుమీద నిలబడ్డాము. మనుమడు అప్పటికే వాడికి అంతా చెప్పాడు. “చెప్పేశారా నాన్నా?” అన్నాడు. అవునన్నాను. వాడు కోపగించుకుంటాడని ఎదురు చూశాను. వాడు చాలాసేపు నీళ్లవైపు చూస్తూ ఉండిపోయాడు. సభామందిరంలోనుంచి విడుదలను గురించిన కీర్తన వినపడుతున్నది. చివరికి వాడు అడిగాడు: “ఆ అప్పు మొత్తం ఎంత?”

“నలభై రూపాయలు.”

“నలభై రూపాయలా!” అన్నాడు. మరి మాట్లాడలేక రెయిలింగు గట్టిగా పట్టుకొన్నాడు. తన తాత, ముత్తాతల కోసం నా కొడుకు కన్నీరు పెట్టడం నేను చూసినది అదే మొదటిసారి.

2025 అక్టోబరు 28న మెలిస్సా అనే పెనుతుపాను జమైకాను తాకింది. ద్వీపపు పశ్చిమ భాగాలు, ఫాల్మత్ ఉన్న ట్రెలానీ ప్రాంతంతో సహా, తీవ్రంగా నష్టపోయాయి. మా మనుమడు ఇప్పుడు కళాశాలలో చదువుతున్నాడు. తుపాను బాధితులకోసం మిత్రులతో కలిసి చందాలు పోగుచేశానని నాకు ఫోనులో చెప్పాడు. “ఆ ఊరితో నీకేమి సంబంధం అని ఒకడు అడిగాడు తాతయ్యా. మా ముత్తాత నాన్న కథ నేను మొదటిసారి విన్నది అక్కడే అని చెప్పాను” అన్నాడు.

మా తాత కాగితం ఏనాడో కాలిపోయింది. ఆయన పేరు మాత్రం ఇప్పుడు మా ఇంట్లో దాచవలసిన మాట కాదు.